కడప బండల ఇంటికి సరిపోయే మాప్, ఫ్యానుకు అందే దుమ్ము కట్టె: మనమే చేసుకుందామా?

తుంగభద్ర_ఒడ్డు (కర్నూలు)
అందరికీ నమస్కారం. మా ఇల్లు నాన్న కట్టించింది, హాలు, వసారా అంతా కడప బండలే, వంటింట్లో మాత్రం తర్వాత టైల్స్ వేయించాం. అమ్మకు మోకాళ్లు అరిగిపోయాయి. గొంతుక్కూర్చుని తడిగుడ్డ పెట్టొద్దని డాక్టరు గట్టిగా చెప్పాక రెండేళ్లలో మూడు మాపులు కొన్నాను. మొదటిది దారాల మాప్. నీళ్లు పీల్చాక అమ్మ దాన్ని బకెట్లోంచి పైకి లేపలేకపోయింది, పిండాలంటే మళ్లీ నడుము వంచాల్సిందే. రెండోది గిర్రున తిరిగే బకెట్‌తో వచ్చేది. ఏడు నెలలకు కట్టె లోపలి ప్లాస్టిక్ మర అరిగి తిరగడం మానేసింది, ఆ ఒక్క ముక్క విడిగా ఎక్కడా దొరకలేదు, 1,300 రూపాయల సామాను మొత్తం మూలన పడింది. మూడోది పలక మాప్, కట్టె కింద చదునైన పలకకు గుడ్డ తగిలించే రకం. టైల్స్ మీద చాలా బాగుంది, బండల మీదికి వచ్చేసరికి పల్లం ఉన్నచోట ఆనదు, మిట్ట ఉన్నచోట గీరుకుంటుంది.

నాది బ్యాంకులో క్లర్కు ఉద్యోగం, పనిముట్లు చేసిన అనుభవం లేదు. కానీ ఇది ప్రతి ఇంట్లో రోజూ జరిగే పని, దీనికి మన ఇళ్లకు తగిన సామాను లేకపోవడం నాకు నిజంగా బాధగా ఉంది. వెల్డింగ్ తెలిసినవాళ్లు, కుట్టుపని తెలిసినవాళ్లు, ముఖ్యంగా రోజూ ఇల్లు తుడిచేవాళ్లు చెప్పండి, ఎలా ఉంటే బాగుంటుంది? దుమ్ము దులిపే కట్టె గురించి కూడా చెప్పండి. ఫ్యాను రెక్కల మీది దుమ్ము మంచం మీద రాలకుండా తీసే సామాను నాకింతవరకు కనబడలేదు.

కడప_కోడలు
అన్నా, బండల మధ్య సందులు మరిచిపోయారు. సిమెంటు ఊడిపోయిన సందుల్లోకి ఆ పలక మాప్ మురికినీళ్లన్నీ తోసేస్తుంది, ఆరాక అక్కడే నల్లగా చారలు. మాకు బోరునీళ్లు, నల్లబండ మీద తడి ఎక్కువైతే ఆరాక తెల్లటి మరకలు తేలతాయి. నాకు కావలసింది గట్టిగా పిండిన గుడ్డ, అంతే. ఎంత తక్కువ తడి ఉంటే అంత మంచిది.

ప్రొద్దుటూరు_పెద్దమ్మ
నాయనా, ఎన్ని మాపులొచ్చినా చేత్తో పెట్టిన తడిగుడ్డకు సాటి రావు. చెయ్యి పల్లంలోకి పోతుంది, మూలలోకి పోతుంది, మరక ఎక్కడ గట్టిగా ఉందో వేళ్లకు తెలుస్తుంది. మాప్‌తో తుడిచే ఇళ్లలో గోడ వారన ఒక నల్లటి గీత ఉంటుంది, ఈసారి ఎవరింటికైనా పోయినప్పుడు చూడండి. 40 ఏళ్లుగా నేను అట్లనే తుడుస్తున్నాను.

మా_అమ్మ_బిడ్డ (అనంతపురం)
పెద్దమ్మా, మీ మాట కాదనను. మీరు తుడిచేది ఒక్క ఇల్లు. మా అమ్మ నాలుగిళ్లలో చేస్తుంది, పొద్దున ఆరింటికి పోతే మధ్యాహ్నం రెండు దాటుతుంది ఇంటికొచ్చేసరికి. రాత్రి మోకాళ్లకు కొబ్బరినూనెలో కర్పూరం వేసి రాస్తుంటాను, నాకు రోజూ అదే పని. రెండిళ్లలో మాప్ ఉంది, కానీ ఒక ఇంట్లో వాళ్లు మాప్ ముట్టుకోనివ్వరు, కూర్చుని తుడిస్తేనే మూలలు పోతాయంటారు. ఇంకో ఇంట్లో మాప్ కట్టె ఆ ఇంటాయన ఎత్తుకు కొన్నది, మా అమ్మ 4 అడుగుల 10 అంగుళాలు, కట్టె పై కొన ఆమె నుదుటికి తగులుతుంది, చేతులు భుజాల పైకి ఎత్తి తోయాలి. దానితో తుడిచిన రోజు మోకాళ్ల బదులు భుజాలు నొప్పి. కట్టె పొడవు మార్చుకునేలా చేయండి అన్నా. నేను అడిగేది అదొక్కటే.

తుంగభద్ర_ఒడ్డు
చెల్లీ, ఇది నా ఆలోచనకే రాలేదు. అమ్మ ఎత్తూ తక్కువే, నేను కొన్న మూడింటికీ కట్టె ఒకే పొడవు.

అనంత_వెల్డింగ్
కట్టె సంగతి నేను చెప్తా. ఇనుప పైపుతో చేయొద్దు. 25 మిల్లీమీటర్ల గుండ్రటి పైపు, గోడ మందం 1 మిల్లీమీటరు అనుకోండి, అల్యూమినియం అయితే మీటరుకు 200 గ్రాములు, అదే ఇనుమైతే దగ్గర దగ్గర 600 గ్రాములు. నాలుగుంపావు అడుగుల కట్టె అల్యూమినియంలో పావుకిలోకు కొంచెం ఎక్కువ, ఇనుములో ముప్పావు కిలో దాటుతుంది. రోజంతా తోసేవాళ్లకు ఆ అరకిలో తేడా చాలా పెద్దది. కరెంటు వైరింగ్‌కు వాడే పీవీసీ పైపు చవకే గానీ నొక్కితే వంగుతుంది.

పొడవు మార్చేదానికి తిప్పి బిగించే రకం వద్దు, తడి చేతులతో వాడితే నాలుగు నెలల్లో జారడం మొదలవుతుంది. ఊతకర్రకు ఉంటాయి చూడండి, వరసగా రంధ్రాలు, లోపల స్ప్రింగు, బయటికి పొడుచుకొచ్చే బుడిపె, అది పెడదాం. నొక్కి జరిపితే టక్కుమని కూర్చుంటుంది. పైపు కింది కొనకు చెక్క బిరడా కొట్టాలి, లేకపోతే నీళ్లు లోపలికి పోయి కట్టె ఎత్తినప్పుడు మోచేతి మీదుగా కారతాయి.

మెకానికల్_చిన్నోడు (అనంతపురం)
అన్నా, కట్టె పై కొన నిలబడ్డ మనిషి గడ్డానికి, భుజానికి మధ్యలో ఉండాలి, అప్పుడు పైచెయ్యి ఛాతీ దగ్గర, కిందచెయ్యి నడుము దగ్గర ఉంటాయి. పట్టుకునేచోట పైపు మరీ సన్నగా ఉంటే పిడికిలి బిగించాల్సి వస్తుంది, పాత సైకిల్ ట్యూబు చుట్టి 30 మిల్లీమీటర్ల దాకా లావు చేస్తే చెయ్యి లాగదు.

ఇంకొకటి. మనం పడుతున్న ఈ ఆలోచన అందరూ పడిందే. అమెరికాలో 1893లో థామస్ స్టీవర్ట్ అనే ఆయన మాప్ తలను విప్పి మార్చుకునే ఏర్పాటుకు పేటెంట్ తీసుకున్నాడు. స్పెయిన్‌లో 1956లో మాన్యుయెల్ హలోన్ అనే విమానాల ఇంజనీరు, ఆడవాళ్లు మోకాళ్ల మీద కూర్చుని గచ్చు తుడవకుండా పిండే బకెట్‌తో మాప్ తెచ్చాడు. అమెరికాలోనే 1990లో జాయ్ మంగానో చెయ్యి తడవకుండా మెలితిప్పి పిండే మాప్ చేసింది. ముగ్గురూ ఎక్కువగా తల మార్చడం, పిండడం గురించే ఆలోచించారు. మన చిక్కు కూడా అక్కడే ఉందని నా ఉద్దేశం.

ఆదోని_దూది
దారాల మాప్ బరువు గురించి. దూది నీళ్లను బాగా పట్టుకుంటుంది, అందుకే ఆ బరువు. మాపులకు వాడేది ఎక్కువగా స్పిన్నింగ్ మిల్లుల్లో మిగిలిన పొట్టి పోగుతో వడికిన లావు నూలు. కొత్త నూలు మొదట్లో నీళ్లు తాగదు, పత్తికి సహజంగా మైనం లాంటి పూత ఉంటుంది, కొత్త గుడ్డకైతే గంజి కూడా ఉంటుంది. అందుకే కొత్త మాప్ నీళ్లను తోస్తుంది తప్ప పీల్చదు. వేడినీళ్లలో సబ్బేసి మూడు నాలుగుసార్లు ఉతికితే దారికొస్తుంది. ఇంట్లో అరిగిన లుంగీ, పాత తువ్వాలు అన్నిటికన్నా మేలు, వాటి మైనం, గంజి ఎప్పుడో పోయి ఉంటాయి.

మైక్రోఫైబర్ గుడ్డ పాలియెస్టర్, నైలాన్ కలిపి చేసేది, పోగును సన్నగా చీలుస్తారు. టైల్స్ మీద దానికి తిరుగులేదు. గరుకు బండ మీద పోగులు తట్టుకుని లేచిపోతాయి. దాన్ని ఉడకబెట్టకూడదు, బట్టలు మెత్తబడటానికి వేసే లిక్విడ్ అసలే తగలకూడదు, పోగుల మధ్య సందులన్నీ పూడిపోతాయి.

కడప_కోడలు
అయితే టైల్స్‌కు ఒక గుడ్డ, బండలకు ఒక గుడ్డ. తల ఒకటే, గుడ్డ మార్చుకునేలా ఉండాలి.

మా_అమ్మ_బిడ్డ
అమ్మను అడిగి రాస్తున్నా. ఆమె చెప్పేది ఏందంటే, తుడవడం కన్నా పిండటమే కష్టం. ఒక్కో ఇంట్లో 15, 20 సార్లు పిండాలి, మణికట్టు లాగేస్తుంది. పైగా మూడో గదికి వచ్చేసరికి బకెట్లో నీళ్లు చాయ రంగుకొస్తాయి, మార్చాలంటే బకెట్ మోసుకుపోవాలి, మార్చకపోతే మురికినే మళ్లీ బండకు పూసినట్టు.

ధర్మవరం_మగ్గం
ఆ తల్లి చెప్పిందే అసలు విషయం. నేను ఒక ఆసుపత్రిలో హౌస్‌కీపింగ్ సూపర్‌వైజరుగా ఆరేళ్లు చేసి ఇప్పుడు ఇంటి మగ్గం చూసుకుంటున్నాను. ఆసుపత్రిలో మేము గుడ్డను మళ్లీ బకెట్లో ముంచేవాళ్లం కాదు. పొద్దునే కావలసినన్ని గుడ్డలు ఒకేసారి తడిపి పిండి డబ్బాలో పేర్చుకోవడం, ఒక్కో గదికి ఒక్కో గుడ్డ, గది అయిపోగానే తీసి మురికి బకెట్లో వేయడం. చివర అన్నీ కలిపి ఉతకడం. ఒక గది మురికి ఇంకో గదికి పోకూడదని ఆ పద్ధతి. బాత్రూం గుడ్డ రంగే వేరు, అది హాల్లోకి రాదు.

ఇంట్లో కూడా ఇదే పెట్టండి. అయిదారు గుడ్డలు వాషింగ్ మిషన్ ఉన్నవాళ్లు తడిపి ఒక్క నిమిషం స్పిన్‌లో తిప్పితే చాలు, పిండే పనే లేదు. మిషన్ లేనివాళ్లు స్టూలు మీద కూర్చుని ఒకేసారి పిండుకోవచ్చు, మధ్యలో 20 సార్లు వంగి లేవాల్సిన అవసరం పోతుంది. ఇక బకెట్‌కు తిరిగే మర ఎందుకు, పెడల్ ఎందుకు? విరిగేవన్నీ అవే కదా.

తుంగభద్ర_ఒడ్డు
ఇది చదివి లేచి వంటింట్లోకి పోయి బకెట్ కొలిచాను. అమ్మ ఇప్పుడు మూడుసార్లు నీళ్లు మారుస్తుంది, ఒక్కోసారి 8 లీటర్లు, అంటే 24 లీటర్లు. ఆరు లుంగీ ముక్కలు తడపడానికి 5 లీటర్లు చాలాయి. చివర ఉతకడానికి ఇంకో 8 అనుకున్నా దాదాపు సగం మిగులుతుంది. ఎండాకాలంలో మాకు ట్యాంకర్ నీళ్లే, మాకిది చిన్న విషయం కాదు. బకెట్ ఆలోచన వదిలేద్దాం, తల, గుడ్డ, కట్టె, ఈ మూడే చూద్దాం.

రాయదుర్గం_టైలర్
గుడ్డ తగిలించే సంగతి నాది. పలకకు వెల్క్రో అంటించి గుడ్డ తగిలించే రకం చూశాను, తలవెంట్రుకలు, దారప్పోగులు ఆ ముళ్లలో ఇరుక్కుని రెండు నెలలకు పట్టు పోతుంది. బైకు సీటు కవరు గుర్తుతెచ్చుకోండి. అట్లా పలక అంచుల మీదుగా పైకి వచ్చి పట్టుకునే టోపీలాగా కుడతాను. ఎలాస్టిక్ వద్దు, రోజూ తడిసి ఎండలో ఆరితే సాగిపోతుంది. పావడా నాడాలాగా అంచు మడిచి నాడా దూర్చి కుట్టేస్తే లాగి ఒక ముడి వేసుకోవచ్చు, నాడా తెగితే ఇంకోటి దూర్చుకుంటారు. ఏ పాత తువ్వాలైనా పనికొస్తుంది. మా ఊళ్లో జీన్స్ కటింగ్ ముక్కలు మూటలు మూటలు దొరుకుతాయి, అవి వాడదామని ముందు అనుకున్నా గానీ జీన్స్ మందం, పిండటం కష్టం, ఆరడానికి రెండు పూటలు పడుతుంది, దాన్ని వదిలేశా.

బేతంచెర్ల_బండ
బండల పని చేసేవాణ్ని కాబట్టి ఒక మాట. కడప బండయినా, మా బేతంచెర్ల బండయినా, తాడిపత్రి బండయినా సున్నపురాయి. బాత్రూం యాసిడ్ చుక్క పడితే బుసబుస పొంగుతుంది, పొంగిందంటే రాయి కరుగుతున్నట్టు. పాలిష్ పోయి గరుకెక్కుతుంది, గరుకులో మురికి ఇంకా ఎక్కువ పట్టుకుంటుంది, అది పోవడానికి ఇంకా యాసిడ్ వేస్తారు. ఎన్నో ఇళ్లు ఇట్లా పాడు చేసుకోవడం కళ్లారా చూశా. నిమ్మరసం, వెనిగర్ కూడా అంతే. యాసిడ్, బ్లీచింగ్ కలిపితే విషగాలి వస్తుంది, బాత్రూంలో కూడా ఎప్పుడూ కలపొద్దు. బండలకు కొద్దిగా సబ్బునీళ్లు చాలు, ఆ వెంటనే పొడిగుడ్డ. కోడలమ్మ చెప్పిన తెల్లమరకలు నీళ్లలోని ఉప్పు ఆరి మిగిలేవి, నీళ్లు నిలవనివ్వకపోతే మరకే రాదు.

పల్లం మిట్టలకు పలక కింద మెత్త పెట్టండి. స్పాంజి వద్దు, అది నీళ్లు తాగుతుంది.

అనంత_వెల్డింగ్
అన్నా, హవాయి చెప్పు అట్ట! నీళ్లు పీల్చదు, నొక్కితే అణుగుతుంది. పాత చెప్పులు రెండు కోసి పలక కింద అంటిస్తా. పలక 12 అంగుళాల పొడవు, 4 అంగుళాల వెడల్పు చాలు, బజారులో దొరికే 16 అంగుళాలది గ్యాస్ సిలిండర్ వెనక్కి పోదు. మూలలు గుండ్రంగా కోయను, పదునుగానే ఉంచుతా, గుండ్రటి తలలే పెద్దమ్మ చెప్పిన నల్లగీత వదిలేది. మెడ దగ్గర ప్లాస్టిక్ వద్దు, లారీ షాఫ్టుకు ఉండే క్రాస్ లాగా రెండు బోల్టులు అడ్డంగా, నిలువుగా పెడితే ఎటైనా తిరుగుతుంది. స్టీలు బోల్టులు, వదులైపోకుండా లోపల నైలాన్ రింగు ఉండే నట్లు. ఏది పోయినా హార్డ్‌వేర్ షాపులో దొరకాలి.

ధర్మవరం_మగ్గం
ఫ్యాను కట్టెకు కూడా ఇదే కట్టె వాడాలి, తల ఒక్కటే మార్చాలి. మాకు జూన్ నుంచి ఆగస్టు దాకా గాలి ఎట్లుంటుందో అనంతపురం వాళ్లకు చెప్పక్కర్లేదు, పొద్దున తుడిచిన కిటికీ సాయంత్రానికి ఎర్రగా ఉంటుంది. ఇంట్లో పట్టు చీర మగ్గం మీద ఉన్నప్పుడు దుమ్ము రాలితే మా పని అంతా పోతుంది. ఈకల కుచ్చు, పొడి బూజు కట్టె దుమ్మును లేపుతాయి, అరగంటకు అది మళ్లీ దిగుతుంది. రొవ్వంత తడిగుడ్డకే దుమ్ము అంటుకుంటుంది.

నేను ఇప్పుడు పాత దిండు గలేబు ఫ్యాను రెక్కకు తొడిగి వెనక్కి లాగుతున్నా, దుమ్మంతా గలేబులోనే ఉండిపోతుంది. కానీ స్టూలెక్కాలి.

మెకానికల్_చిన్నోడు
స్టూలు ఎక్కకుండా అదే పని చేయాలంటే పట్టకారు ఆకారంలో తల కావాలి. రెండు బద్దలు, ఒక్కోటి 8 అంగుళాలు, రెక్క వెడల్పు సాధారణంగా 5, 6 అంగుళాలే కాబట్టి సరిపోతుంది. రెండింటికీ లోపలివైపు చెప్పు అట్ట, పైన తడి కవరు. రెక్కను మధ్యలోకి తీసుకుని లాగితే పైనా కిందా ఒకేసారి తుడుచుకుంటుంది. తల కట్టెకు అడ్డంగా, మూలమట్టంలో నిలబడాలి, అక్కడ చేత్తోనే తిప్పి బిగించే నట్టు (వింగ్ నట్) పెట్టుకోవాలి. బద్దలను దగ్గరికి నొక్కే స్ప్రింగు మాత్రం చాలా మెత్తగా ఉండాలి, రెక్క ఒక్కటి కొంచెం వంగినా ఫ్యాను ఊగుతుంది.

ప్రొద్దుటూరు_పెద్దమ్మ
ముందు ఫ్యాను, బూజు, తర్వాత కిటికీలు, తర్వాత కసువు ఊడ్చి, చివర తడిగుడ్డ. ఈ వరస తప్పితే ఏ సామాను ఉన్నా చేసిన పని రెండోసారి చేయాల్సిందే.

తుంగభద్ర_ఒడ్డు
మూడు వారాల తర్వాత రాస్తున్నాను. వెల్డింగ్ అన్న ఒకటి చేసి కర్నూలు బస్సులో పంపించారు, టైలరన్న ఆరు కవర్లు పంపించారు. ఖర్చు: పైపు 120, పలక, బోల్టులు, స్ప్రింగు కలిపి 190, కుట్టుకూలి 150. మొదటి నాలుగు రోజులు కవరు పక్కకు జరిగిపోయింది, బండ గరుకుకు గుడ్డ ఆగిపోయి పలక ఒక్కటే ముందుకు పోయేది. అమ్మే దారి కనిపెట్టింది. పలక పైవైపు మేకుతో నాలుగు చోట్ల చిన్న రంధ్రాలు చేయించి నాడాను వాటిలోంచి దూర్చి కట్టింది, ఇక కదల్లేదు. కవరు మార్చేటప్పుడు కట్టెను తలకిందులు చేసి కుర్చీలో ఆనించుకుంటోంది, వంగాల్సిన పని లేదు. హాలుకు రెండు కవర్లు, వసారాకు రెండు, పడకగదికి ఒకటి, వంటింటికి ఒకటి.

గోడ వారన ఇప్పుడు గీత లేదు పెద్దమ్మా, ఫోటో పెట్టాను చూడండి. బాత్రూం గడప దగ్గర సందు మాత్రం ఇంకా చేత్తోనే తుడవాల్సి వస్తోంది, అక్కడ 4 అంగుళాల పలక పట్టదు.

ఫ్యాను తల ఇంకా కుదరలేదు. స్ప్రింగు గట్టిది పడింది, రెక్క లాగుతోంది, వెనక్కి పంపిస్తున్నా.

ప్రొద్దుటూరు_పెద్దమ్మ
ఫోటో పెద్దది చేసి చూశాను. మూల బాగానే వచ్చింది నాయనా. నాకూ ఒకటి చేయించు, కట్టె పొడవు 4 అడుగులు.

రాయదుర్గం_టైలర్
అన్నా, మేకు రంధ్రాల సంగతి ముందే తెలిసుంటే నాడాకు బదులు నాలుగు పట్టీలు కుట్టేవాణ్ని. తర్వాతి కవర్లకు అట్లనే కుడతా.

మా_అమ్మ_బిడ్డ
వెల్డింగ్ అన్నా, మా అమ్మకు ఒకటి కావాలి. నాలుగిళ్లకూ భుజాన వేసుకుని తీసుకుపోతానంటోంది, కట్టె రెండు ముక్కలుగా విడిపోతే సంచిలో పడుతుంది. కవర్లు ఆ ఇళ్లవాళ్లే ఉంచుకుంటామంటున్నారు, ముగ్గురు ఒప్పుకున్నారు. కూర్చుని తుడవమనే ఇంట్లో ఇంకా అడగలేదు, సామాను చేతికొచ్చాక ఒక గది తుడిచి చూపించి అడుగుతానంటోంది. డబ్బులు రెండు నెలల్లో ఇస్తాను.

అనంత_వెల్డింగ్
డబ్బుల సంగతి తర్వాత చూద్దాం చెల్లీ. ఊళ్లోనే ఉన్నారు కదా, ఆదివారం పనులు అయ్యాక అమ్మను షాపుకు తీసుకురా. చెప్పులు వేసుకోకుండా నిలబెట్టి గడ్డం దాకా కొలిచి అప్పుడే కోస్తాను. ఇళ్లలో చెప్పులు విడిచే కదా తుడిచేది, చెప్పులతో కొలిస్తే అంగుళం ఎక్కువొస్తుంది.